పాయింటు

మా కుందుర్పి పక్క
పాయింటు అంటే ముందు నీళ్లే.
అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని
చేనంతా నడిచి నడిచి
గంగులప్ప ఒకచోట ఆగుతాడు.
టెంకాయ లేచి నిలబడుతుంది.
"ఈడ పెట్టుకో పాయింటు."
మా ఆయన వన్నూరప్ప
అక్కడ మూడు రాళ్లు పేర్చి
నిమ్మకాయ కోసి
అప్పిచ్చే ఆయనకు ఫోన్ చేస్తాడు.

ఇట్లా ఏడు పాయింట్లు అయినాయి.
ఆరింట్లో తెల్లటి దుమ్ము.
ఏడోది రెండేళ్లు పోసి
పోయిన ఎండాకాలం నాలుగుసార్లు దగ్గి
ఊరుకుంది.

నేను పాలకేంద్రంలో లెక్క రాస్తా.
నా పుస్తకంలో పాయింటు అంటే
మూడుకూ ఎనిమిదికీ నడుమ
చీమ కూర్చున్నంత చుక్క.
"మూడు పాయింట్ ఎనిమిది" అంటానే
మారెక్క మొగం మాడిపోతుంది.
"నిన్న నాలుగు గదమ్మా,
రెండు పాయింట్లు యాడికి పోయె?"
నన్నడిగితే నేనేం చెప్పేది,
ఎండిన కొర్రగడ్డి నమిలిన ఆవును అడగాల.

గట్టు తగాదాకు కళ్యాణదుర్గం పోతే
లాయరు ప్రతి వాయిదాకీ
"గట్టి పాయింటు దొరికిందమ్మా" అంటాడు.
ఆ పాయింటు ఇంతవరకూ జడ్జి మొగం చూడలేదు.
మా గొర్రెలు రెండు
సంత మొగం చూసినాయి.

ఇల్లు కట్టినప్పుడు కరెంటు పని మస్తాన్‌ది.
పాయింటుకు రెండు నూర్లు.
వంటింట్లో ఒకటి, పడసాలలో ఒకటి, మంచం కాడ ఒకటి
అని అతను వేళ్లు మడుస్తా ఉంటే
మా అత్త ఒక్కొక్క వేలే విప్పేసింది.
"ఒకటుంటే చాల్లేప్పా,
వైరు పొడుగ్గా పెట్టుకుంటే పోదా?"
అందుకే ఇప్పటికీ మా ఇంట్లో
మిక్సీ మంచం పక్కన తిరుగుతుంది.

మా నాయన గుంతకల్లులో పాయింట్స్‌మన్.
ఆయనకు వచ్చిన ఇంగ్లీషు మాట అదొక్కటే.
ముప్పై నాలుగేళ్లు దాంతోనే మాకు అన్నం పెట్టినాడు.
చిన్నప్పుడు నన్ను పట్టాల కాడికి తీసకపోయి
చూపించినాడు ఒకసారి:
"ఇదో, ఈ సన్నంగా చెక్కింది చూడు,
దీన్ని నాలుక అంటారు.
నాలుగు వేళ్లంత జరిగిందా, బండి బళ్లారికి.
జరగలేదా, ఆదోనికి.
సగం జరిగి నిలిచిందా,
ఇంక యా ఊరికీ కాదు."
ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.
చేతికి గ్రీజు వాసన.

నిన్న గంగులప్ప మళ్లీ వచ్చినాడు.
ఎనిమిదోది.
కానుగ చెట్టు కింద టెంకాయ నిలబడింది.
మమ్మల్ని చూసిపోదామని వచ్చిన మా నాయన
చాలాసేపు ఆ టెంకాయనే చూసి
మెల్లగా అడిగినాడు,
"అప్పా, ఇది ఎటు పోయే పాయింటు?"
గంగులప్ప తువ్వాలు దులుపుకున్నాడు.
మా ఆయన మూడో రాయి
చేతిలోనే పట్టుకొని ఉండిపోయినాడు.

రాత్రి బిడ్డ నోట్సు ముందేసుకొని కూర్చుంది.
నీటి పొదుపు మీద ఐదు పాయింట్లు రాయాలంట.
పళ్లు తోముకునేటప్పుడు కొళాయి కట్టేయవలెను,
అని మొదటిది.
కొళాయి మాకు నాలుగు రోజులకొకసారి వస్తుంది,
అయినా అట్లే రాస్తే మార్కులు.
నాలుగు రాసింది.
ఐదు అని వేసి, పక్కన చుక్క పెట్టి,
"అమ్మా, గంగులప్ప తాత గురించి రాయొచ్చా?" అంది.
నేను పలకలేదు.
ఐదు, చుక్క, ఖాళీ. అట్లే నిద్రపోయింది.

తెల్లారి మా ఆయన ఫోన్ తీసినాడు.
అప్పాయనకు చెప్పాల.
చూస్తే చార్జింగు లేదు, చచ్చి ఉంది.
ఉండేది ఒక్క పాయింటు.
దానికి మిక్సీ పెట్టుకొని
మా అత్త చెనిక్కాయల పొడి తిప్పుతా ఉంది.
వైరు చేతిలో చుట్టుకొని
ఆయన పక్కనే నిలబడినాడు, బడిపిల్లోని మాదిరి.

"ఇంగా బరకగా ఉంది అత్తా,
నిదానంగా తిప్పు" అన్నా నేను.